బాటియాటస్ ఇంటి జమాఖర్చు

గ్లాడియేటర్ అంటే జనం ముందు బరిలో ఆయుధాలతో పోరాడే ఆటగాడు; రోమ్ మీద తిరగబడ్డ అలాంటి ఒక బానిస కథే ‘స్పార్టకస్’. ఆ సీరియల్ అనగానే అందరికీ రక్తమే గుర్తొస్తుంది. స్టార్జ్ ఛానెల్ 2010 జనవరిలో మొదలుపెట్టిన తొలి సీజన్ ‘బ్లడ్ అండ్ శాండ్’లో అది స్లో మోషన్లో తెరంతా చిమ్ముతుంది. చాలావరకు కంప్యూటర్లో పుట్టిన రక్తమే లెండి. షూటింగ్ న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో, ఎక్కువ భాగం ఆకుపచ్చ తెరల ముందే జరిగింది. ఈ హంగామా చూసి మొదటి రెండు ఎపిసోడ్లకే ఆపేసినవాళ్లని తప్పుపట్టలేం, ఆ రెండూ నిజంగానే బలహీనం. తర్వాత మెల్లగా కథ స్పార్టకస్ యజమాని బాటియాటస్ చేతుల్లోకి వెళ్తుంది. అక్కణ్నుంచి ఇదొక వ్యాపార కుటుంబం కథ. అప్పులవాళ్లు, వేలంపాటలు, రోమ్ నుంచి వచ్చిన పెద్దింటి ఆడవాళ్లకి మర్యాదలు, పోటీదారు సొలోనియస్ మీద ఎత్తులు, వీటన్నిటి చివరా ఊరిస్తూ ఒక పదవి.

ఇది పెద్దలకు మాత్రమే. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది కాదు. కథ ముందే తెలిసిపోతే ఎలా అనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు, కింద చావులన్నీ చెప్పేస్తున్నాను.

క్వింటస్ లెంటులస్ బాటియాటస్ (జాన్ హన్నా) వృత్తిరీత్యా లానిస్తా. బానిసల్ని కొని, తిండి పెట్టి, కత్తిసాము నేర్పించి, ఆటలు పెట్టించే పెద్దమనుషులకి బాడుగకిచ్చే యజమాని అన్నమాట. కాపువా ఊళ్లో తాతల నాటి తాలింఖానా, పైన మేడ, కింద గ్లాడియేటర్ల గదులు. భార్య లుక్రేషియా (లూసీ లాలెస్). డబ్బు వస్తూ పోతూ ఉంటుంది గానీ గౌరవం మాత్రం గుమ్మం దాటి లోపలికి రాదు. సీరియల్ రచయితలు దీన్ని మొగుడూ పెళ్లాల దురాశగా వదిలేయలేదు, వెనకున్న చట్టం తెలిసే రాశారనిపిస్తుంది.

దక్షిణ ఇటలీలో హెరాక్లియా దగ్గర దొరికిన కంచు పలకల మీద క్రీ.పూ. 1వ శతాబ్దపు మున్సిపల్ నిబంధనలు చెక్కి ఉన్నాయి. ఊరి సభలో కూర్చోడానికీ, పదవికి నిలబడడానికీ ఎవరు అనర్హులో అందులో జాబితా ఉంది. దొంగతనంలో శిక్షపడ్డవాడు, అప్పు తీర్చలేక చేతులెత్తేసినవాడు, గ్లాడియేటర్‌గా తనని తాను బాడుగకిచ్చుకున్నవాడు, నటుడు, వేశ్యావాటిక నడిపేవాడు, లానిస్తా. అందరూ ఒకే గాటన. సీరియల్లో బాటియాటస్ కాపువా మేజిస్ట్రేట్ కలావియస్ దగ్గరికెళ్లి పదవికి మద్దతు అడిగితే ఆయన కొట్టిపారేస్తాడు. చూసేవాళ్లకది కలావియస్ అహంకారంలా కనిపిస్తుంది. నిజానికి ఆయన ఒప్పుకున్నా, ఆ రోజుల్లో లానిస్తాకి అది దక్కే దారి మూసుకుపోయే ఉండేది.

ఇందులో కపటం ఏమిటంటే, గ్లాడియేటర్లని సొంతం చేసుకోవడం ఒక్కటే అవమానం కాదు. అదే బతుకుతెరువైతేనే అవమానం. రోమ్ రాజకీయవేత్త, వక్త సిసెరో ప్రాణస్నేహితుడు అట్టికస్ పెద్ద డబ్బున్నవాడు, మర్యాదస్తుడు. అతనొక గ్లాడియేటర్ల దళాన్ని కొంటే సిసెరో ఉత్తరంలో మెచ్చుకున్నాడు. మంచి సరుకు కొన్నావు, బాగా పోరాడుతున్నారట, ఆ రెండు ఆటలకీ బాడుగకిచ్చి ఉంటే పెట్టుబడి తిరిగొచ్చేసేది అని దాని భావం. అట్టికస్ గౌరవానికి వీసమెత్తు లోటు రాలేదు. జూలియస్ సీజర్‌కి ఇదే కాపువాలో సొంత గ్లాడియేటర్లు ఉండేవాళ్లు. క్రీ.పూ. 49లో అంతర్యుద్ధం మొదలవగానే వాళ్లు తిరగబడతారేమోనన్న భయంతో సీజర్ ప్రత్యర్థి పాంపే వాళ్లని ఊళ్లో ఇంటికి ఇద్దరు చొప్పున పంచి పెట్టించాడు. సీజర్‌ని లానిస్తా అని ఎవరైనా అన్నారా?

చరిత్రలో స్పార్టకస్ యజమాని పేరుని గ్రీకు రచయిత ప్లూటార్క్ లెంటులస్ బాటియాటస్ అని రాశాడు. లెంటులస్ అనేది రోమ్‌లోని పెద్దింటి కార్నేలియస్ వంశంలో ఒక పెద్ద శాఖ పేరు. అందుకని అసలు బాటియాటస్ సీరియల్లోలాగా కింది మెట్టు మీద తపించేవాడు కాకపోవచ్చు, అట్టికస్‌లాంటి పెట్టుబడిదారో, ఆ ఇంటి నుంచి విడుదలైన బానిసో అయ్యుండొచ్చు. రచయితలు కింది మెట్టువాణ్ని ఎంచుకోవడం మంచి పని. అట్టికస్ మీద పదమూడు ఎపిసోడ్లు ఎవరు చూస్తారు?

పెద్దమనుషులు డబ్బు పోసి ఈ ఆటలు ఎందుకు పెట్టించేవాళ్లో తెలియకపోతే సీరియల్లో సగం సంభాషణలు గాల్లో తేలిపోతాయి. రోమ్‌లో తెలిసిన మొదటి గ్లాడియేటర్ ఆట క్రీ.పూ. 264లో, బ్రూటస్ పెరా చనిపోతే కొడుకులు పశువుల సంతలో మూడు జతలతో పెట్టించింది. తండ్రి ఆత్మకి చెల్లించే బాకీ కింద లెక్క. రెండొందల ఏళ్లలో ఆ బాకీ ఎన్నికల ఖర్చుగా మారిపోయింది. క్రీ.పూ. 65లో సీజర్ ఈడైల్ (ఊరి ఆటలూ సంతలూ చూసుకునే అధికారి) పదవిలో ఉండగా, ఇరవై ఏళ్ల కిందట పోయిన తండ్రి పేరు చెప్పి 320 జతలు దింపాడు. అంతమంది సాయుధులు ఊళ్లోకొస్తున్నారని భయపడి ప్రత్యర్థులు సంఖ్యకి పరిమితి పెట్టించారు. రెండేళ్లకి సిసెరో ఇంకో చట్టం తెచ్చాడు. పదవికి నిలబడే మనిషి అంతకుముందు రెండేళ్లలో గ్లాడియేటర్ ఆట పెట్టకూడదు, చనిపోయినవాళ్ల వీలునామాలో ఫలానా తేదీ అని రాసి ఉంటే తప్ప. ఆ మినహాయింపు చూస్తే చాలు, దినం పేరుతో ఏం జరిగేదో అర్థమవుతుంది.

క్యూరియో అని ఒకడున్నాడు. క్రీ.పూ. 53లో తండ్రి పోతే చెక్కతో రెండు అర్ధవృత్తాకారపు థియేటర్లు వీపు వీపు ఆనించి కట్టించాడని ప్లినీ రాశాడు. పొద్దున వాటిలో నాటకాలు. మధ్యాహ్నం రెండింటినీ ఇరుసుల మీద తిప్పి ఎదురెదురుగా కలిపితే గుండ్రటి బరి తయారు, అందులో గ్లాడియేటర్లు. ఈ ఆర్భాటాలకి అప్పుల్లో కూరుకుపోయాడు. ఆ అప్పులు తీర్చి సీజర్ అతణ్ని తన పక్షానికి కొనుక్కున్నాడని ప్రాచీనులే చెప్పారు.

చిన్న ఊళ్లలోనూ ఇదే. స్పెయిన్‌లోని ఉర్సో ఊరికి క్రీ.పూ. 44 నాటి సనదు ఉంది. దాని ప్రకారం ఊరి ఇద్దరు పెద్ద మేజిస్ట్రేట్లూ నాలుగు రోజుల ఆటలు పెట్టాలి, ఒక్కొక్కరు తక్కువలో తక్కువ 2,000 సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు, నాలుగైతే ఒక దెనారీ) సొంత జేబులోంచి తీయాలి. ఊరి ఖజానా నుంచి ఇంకో 2,000 దాకా తీసుకోవచ్చు. పదవి వస్తే ఆట తప్పదు, ఆటంటే లానిస్తా తప్పడు. కలావియస్‌కి బాటియాటస్‌తో పనిపడేది ఇక్కడే. పని పూర్తయ్యాక పక్కన కూర్చోబెట్టుకోనక్కర్లేదు.

కుటుంబ ఆశలకి ఇంతకంటే సూటి సాక్ష్యం పొంపేయి గోడల మీద ఉంది. రంగుతో రాసిన ఒక ప్రకటన ఇలా చెబుతుంది: నీరో పూజారి లుక్రేషియస్ సాట్రియస్ వాలెన్స్ తరఫున 20 జతలు, ఆయన కొడుకు తరఫున 10 జతలు, ఏప్రిల్ 8 నుంచి 12 దాకా పొంపేయిలో పోరాడతారు. జంతువుల వేట ఉంటుంది, ఎండ తగలకుండా పందిళ్లూ ఉంటాయి. తండ్రి పేరు మీద పేరు తెచ్చుకోవాల్సిన కొడుకుని అదే గోడ మీద పక్కన నిలబెట్టడం చూడండి. కింద రాసినవాడు తన పేరు కూడా వేసుకున్నాడు: ఎమీలియస్ కెలెర్, ఒంటరిగా, వెన్నెల్లో రాశానని. ఇన్ని పేర్లలో ఆ ఆటగాళ్లని సరఫరా చేసిన లానిస్తా పేరు లేదు.

ఇక డబ్బు లెక్క. జాతరకి నాటకాల కంపెనీని మాట్లాడుకున్నట్టే ఆట పెట్టించేవాడు లానిస్తాతో ఒప్పందం చేసుకుంటాడు. తేడా అల్లా, కొందరు నటులు వెనక్కి రాకపోవచ్చు. క్రీ.శ. 2వ శతాబ్దపు న్యాయవేత్త గాయస్ తన పాఠ్యగ్రంథంలో దీని మీదే ఒక చిక్కు వేశాడు. గాయం లేకుండా తిరిగొచ్చిన ప్రతి మనిషికీ చెమటకి 20 దెనారీలు, చచ్చినా అవిటివాడైనా 1,000 దెనారీలు అనే షరతు మీద గ్లాడియేటర్లని అప్పగిస్తే అది బాడుగా, అమ్మకమా? ఆయన తీర్పు: తిరిగొచ్చినవాళ్ల విషయంలో బాడుగ, పోయినవాళ్ల విషయంలో అమ్మకం. ఏ మనిషి ఏ ఖాతాలోకి వెళ్తాడో ఆట అయ్యాక గానీ తేలదు.

పది జతలు, అంటే ఇరవై మంది అనుకుందాం. అందరూ క్షేమంగా వస్తే 400 దెనారీలు. ఇద్దరు చనిపోతే 18 మందికి 360, ఇద్దరికి 2,000, మొత్తం 2,360. ఇద్దరి ప్రాణానికి బిల్లు దాదాపు ఆరు రెట్లయింది. గాయస్ కాలంలో మామూలు సైనికుడి ఏడాది జీతం 300 దెనారీలని గుర్తుపెట్టుకుంటే ఒక చావు మూడేళ్ల జీతానికి పైమాట. ఆ బిల్లు కట్టేది ఆట పెట్టించినవాడు. ఓడినవాణ్ని చంపాలా వదలాలా అని చేత్తో సైగ చేసేదీ అతనే. కాబట్టి జనం ఎంత అరిచినా, ఆ సైగ వెనక తన సొమ్ము లెక్క ఉండేది. ఓడినవాడికి ప్రాణభిక్ష లేదనే ముందస్తు షరతుతో ఆడించే పోటీలని అగస్టస్ నిషేధించాడు కూడా.

సీరియల్లో ప్రతి ఎపిసోడ్‌కీ తలలు తెగడం ఇక్కడే తేలిపోతుంది. క్రీ.శ. 1వ శతాబ్దానికి దొరికిన వివరాల్ని బట్టి చరిత్రకారుడు జార్జ్ విల్ వేసిన అంచనా 100 పోటీలకి 19 చావులు. బరిలో దిగిన పదిమందిలో ఒకడు అన్నమాట. సిసిలీలో ఫ్లామా అనే సిరియా గ్లాడియేటర్ సమాధిరాయి ఉంది: బతికింది 30 ఏళ్లు, పోరాడింది 34 సార్లు, గెలిచింది 21, సమానంగా ముగిసినవి 9, ఓడి క్షమాభిక్ష పొందినవి 4. నాలుగుసార్లు ఓడినా ప్రాణాలతో బయటపడ్డాడు. ఏళ్ల తరబడి తయారుచేసిన మనిషిని ఊరికే పోగొట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడరు.

ఈ లెక్క తెలిశాక పదో ఎపిసోడ్ చూడండి. నా దృష్టిలో మొత్తం సీజన్లో అదే మేటి. కలావియస్ కొడుకు న్యుమేరియస్ పుట్టినరోజు విందు బాటియాటస్ ఇంట్లో. సరదా ఆటకి స్పార్టకస్‌తో అదే తాలింఖానాలోని ఇంకో మేటి గ్లాడియేటర్ క్రిక్సస్ తలపడాలి. పిల్లవాడు చివరి నిమిషంలో క్రిక్సస్ వద్దు, వారో కావాలంటాడు. వెనక ఉండి అనిపించింది రోమ్ నుంచి వచ్చిన పెద్దింటావిడ ఇలిథియా. వారో పుట్టు బానిస కాదు, జూదంలో అప్పులపాలై తనని తాను తాలింఖానాకి రాసిచ్చుకున్న స్వతంత్రుడు, స్పార్టకస్‌కి ఉన్న ఒకే స్నేహితుడు. అలా చేరేవాళ్లు కాల్చినా, కట్టేసినా, కొట్టినా, కత్తికి బలిచేసినా భరిస్తామని ప్రమాణం చేసేవాళ్లని పెట్రోనియస్, సెనెకా రాతల్లో ఉంది. ఆట ముగిశాక పిల్లవాడు బొటనవేలు కిందికి తిప్పుతాడు. మామూలుగా అయితే ఆ వేలు తిప్పినవాడే బిల్లు కట్టాలి. ఇక్కడ ఆట బాటియాటస్ ఇంట్లో, అతిథి మర్యాద కింద. నష్టమంతా తనదే. మేజిస్ట్రేట్ మెప్పు కోసం బాటియాటస్ ఒక మనిషినీ, తన మేటి ఆటగాడి నమ్మకాన్నీ ఒకేసారి రాసిచ్చేస్తాడు. అదే ఎపిసోడ్లో కలావియస్ మద్దతు ఇవ్వనని చెప్పేస్తాడు. తర్వాత కలావియస్‌ని ఎత్తుకెళ్లడం, చంపించడం, నేరం సొలోనియస్ మెడకి చుట్టడం, అన్నీ ఆ ఒక్క నిరాకరణ వడ్డీలే.

తాలింఖానా బతుకు చూపించడంలో సీరియల్ కొన్ని బాగా పట్టుకుంది, కొన్ని వదిలేసింది. చెక్కకత్తులతో సాధన సరైనదే. నేలలో పాతిన నిలువు గుంజ మీద దెబ్బలు ప్రాక్టీసు చేసేవాళ్లు. సైన్యంలో ఆ గుంజ ఆరడుగుల ఎత్తు ఉండాలనీ, సాధన ఆయుధాలు అసలువాటికి రెట్టింపు బరువుండాలనీ వెజీషియస్ రాశాడు. అసలు ఆయుధాలు తాళం వేసిన గదిలో ఉండేవి. ఆస్ట్రియాలో కార్నుంటుమ్ దగ్గర 2011లో రాడార్‌తో నేల కిందే ఆనవాళ్లు పట్టిన తాలింఖానా సుమారు 2,800 చదరపు మీటర్లు, మధ్యలో 19 మీటర్ల వ్యాసంతో గుండ్రటి సాధన బరి, ఇరుకైన గదులు.

ఒళ్లు మాత్రం సీరియల్లో పూర్తిగా తప్పు. పొట్ట మీద ఆరు పలకలు తేలిన మనుషులు ఆ తిండికి తయారుకారు. గ్లాడియేటర్లని బార్లీ తినేవాళ్లని ఎగతాళి చేసేవారని ప్లినీ చెప్పాడు. క్రీ.శ. 157 నుంచి పెర్గమమ్‌లో గ్లాడియేటర్లకి వైద్యం చేసిన గాలెన్, వాళ్లు చిక్కుడుగింజలూ బార్లీ తిని మెత్తటి కండ పెంచుతారని రాశాడు. ఎఫెసస్‌లో బయటపడ్డ గ్లాడియేటర్ల ఎముకల్ని పరీక్షించి 2014లో ప్రచురించిన ఫలితాలూ ఎక్కువగా మొక్కల నుంచి వచ్చిన తిండినే చూపించాయి. వాటిలో స్ట్రాన్షియం ఎక్కువగా ఉండడానికి బూడిద కలిపిన పానీయం కారణం కావచ్చన్నారు. చర్మం కింద కాస్త కొవ్వుంటే పైపై కోతలు లోపలి నరాల దాకా దిగవు, రక్తం బాగా కనిపిస్తుంది, మనిషి నిలబడే ఉంటాడు.

రెండో తప్పు ముఖాలు. పొంపేయిలో దొరికిన శిరస్త్రాణాలు సగటున నాలుగు కిలోల దాకా తూగుతాయి, వాటిలో మొహం కప్పేసేవే ఎక్కువ. నటుల ముఖం కనపడాలి కాబట్టి సీరియల్లో వాటిని చాలావరకు తీసిపారేశారు. ఆ బరువు మెడ మీద, ఊపిరాడని చిన్న జాలీ ముఖం ముందు పెట్టుకుని ఎక్కువసేపు ఎగిరెగిరి దూకడం కుదరదు. పోటీలు చిన్నవిగా, డాలు చాటున కాచుకునేవిగా ఉండేది అందుకే. మూడోది, పొడుగాటి కర్ర పట్టుకుని మధ్యలో నిలబడే రిఫరీ. మొజాయిక్ చిత్రాల్లో పక్కనే కనిపించే ఈ మనిషి సీరియల్లో దాదాపు లేడు. క్రిక్సస్‌ని మర్మిల్లో (పెద్ద డాలుతో పోరాడే తరహా) అనడం, జంట కత్తులవాళ్లు, ఇవన్నీ తర్వాతి చక్రవర్తుల కాలపు తరహాలు. స్పార్టకస్ తిరగబడ్డ క్రీ.పూ. 73 నాటికి ఆధారాలున్నవి శామ్నైట్, గాల్, థ్రేసియన్ తరహాలు. ఇది నాకు పెద్ద పట్టింపు కాదు గానీ రిఫరీ లేకపోవడం మాత్రం కొడుతుంది. అతనుంటే ఆట కాస్తా వీధి కొట్లాటలా కాకుండా నియమాలున్న పోటీలా కనిపించేది.

కుటుంబం కథ కావాలంటే అసలు చూడాల్సింది 2011లో వచ్చిన ఆరు ఎపిసోడ్ల ‘గాడ్స్ ఆఫ్ ది అరేనా’. స్పార్టకస్ పాత్ర వేసిన ఆండీ విట్‌ఫీల్డ్‌కి క్యాన్సర్ బయటపడడంతో ఆ విరామంలో వెనక్కెళ్లి తీసిన కథ ఇది. (అతను 2011 సెప్టెంబర్‌లో చనిపోయాడు. తర్వాతి సీజన్లలో లియమ్ మెకింటైర్ వేశాడు.) ఇందులో బాటియాటస్ తండ్రి టైటస్ వస్తాడు. లానిస్తాగా పుట్టాం, మంచి లానిస్తాగా పోదాం, పైవాళ్ల ముందు చేతులు చాచొద్దు అనే మనిషి. కొడుక్కేమో కొత్తగా కడుతున్న బరి ప్రారంభోత్సవంలో తన ఆటగాళ్లే ఉండాలి. మామగారు ఇంట్లో ఉన్నంతకాలం తనకి చోటు లేదని అర్థమైన లుక్రేషియా ద్రాక్షసారాలో విషం కలుపుతుంది. అదే సారా తన ఆప్తురాలైన బానిస మెలిట్టా కూడా తాగుతుంది. మొగుడికి నిజం తెలియదు. నేరం బాటియాటస్ పోటీదారు తుల్లియస్ మీదికి పోతుంది, అతణ్ని కొత్త బరి గోడల్లో బతికుండగానే కట్టేస్తారు.

బరి కట్టడం కూడా లాభాల వేటేనని రోమన్లకి చేదుగా తెలిసొచ్చింది. క్రీ.శ. 27లో రోమ్ దగ్గర ఫిడెనేలో అటీలియస్ అనే విడుదలైన బానిస చెక్క బరి కట్టాడు. గట్టి నేల దాకా పునాది తవ్వలేదు, దూలాలకి సరైన బిగింపు లేదు. తిబెరియస్ హయాంలో ఆటలు అరుదు కావడంతో జనం విరగబడ్డారు, కట్టడం కూలింది. చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి 50,000 అని టాసిటస్, చచ్చినవాళ్లే 20,000కి పైగా అని సూటోనియస్. తర్వాత సెనేట్, 4,00,000 సెస్టర్స్‌ల ఆస్తి లేనివాడు ఆట పెట్టకూడదనీ, నేల గట్టిదనం చూడకుండా బరి కట్టకూడదనీ తీర్మానించింది. అటీలియస్‌ని దేశం నుంచి వెళ్లగొట్టారు.

మళ్లీ మొదటి సీజన్ ముగింపుకి వస్తే, క్రిక్సస్ ఎత్తిపట్టిన డాలు మీద నుంచి స్పార్టకస్ మేడ మీదికి ఎగరడం సినిమాటిక్‌గా బాగుంది. ప్లూటార్క్ చెప్పిన కథలో పథకం వేసింది రెండొందల మంది. ఎవరో ముందే చెప్పేయడంతో బయటపడగలిగింది 78 మందే. ఆయుధాల గదికి తాళం కాబట్టి వంటింట్లోకి జొరబడి కత్తులూ మాంసం కాల్చే ఊచలూ పట్టుకున్నారు. దారిలో ఇంకో ఊరి ఆటకి ఆయుధాలు తీసుకెళ్తున్న బండ్లు ఎదురైతే దోచుకున్నారు. ఆ బండ్లు ఆ సమయంలో ఆ దారినే వెళ్లడానికి కారణం బాడుగ వ్యాపారమే.

చూసే వరుస: ముందు ‘బ్లడ్ అండ్ శాండ్’, తర్వాత ‘గాడ్స్ ఆఫ్ ది అరేనా’. కథాకాలం ప్రకారం తిరగేసి చూస్తే టైటస్ చావు మామూలు కుట్రలాగే ఉంటుంది. లుక్రేషియా చివరికి ఏమవుతుందో తెలిసి చూస్తేనే ఆ సారా గిన్నె బరువు తెలుస్తుంది. ఆ తర్వాతి ‘వెంజెన్స్’, ‘వార్ ఆఫ్ ది డామ్డ్’ యుద్ధం కథలు. రెండోది మంచిదే, కానీ బాటియాటస్ లేడు, జమాఖర్చు లేదు. 2025 డిసెంబర్‌లో మొదలైన ‘హౌస్ ఆఫ్ అషుర్’ మాత్రం మళ్లీ ఆ ఇంటికే వస్తుంది. బాటియాటస్ బానిస అషుర్ బతికుంటే, ఆ తాలింఖానా అతనికే బహుమానంగా దక్కితే అనే ఊహ. చరిత్రతో దానికి సంబంధం లేదు గానీ, పైమెట్టువాళ్లు ఎదురుపడ్డప్పుడు అషుర్ ఎలా నిలబడతాడో మొదటి ఎపిసోడ్ నుంచే గమనించండి.